ఆన్‌లైన్ ఫర్నిచర్ దుకాణానికి వచ్చినవారిని మళ్లీ రప్పించడం ఎలా?

కిరాణా సరుకులు అమ్మేవారికి ఒక వెసులుబాటు ఉంది. నెల తిరిగేసరికి ఇంట్లో డబ్బాలు ఖాళీ అవుతాయి, కొన్నవారు తమంతట తామే మళ్లీ వస్తారు. మంచాలూ బీరువాలూ అమ్మే మనకు ఆ వెసులుబాటు లేదు. టేకు మంచం కొన్న ఇంటికి మరో మంచంతో పదేళ్లపాటు పని పడదు. ఆ ఒక్క మంచం కొనేముందు కూడా ఇల్లాలు ఒకసారి, అత్తగారు ఒకసారి, చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కొడుకు మరొకసారి చూసి, ఆదివారం నాడు అందరూ ఫోనులో మాట్లాడుకుంటే తప్ప నిర్ణయం జరగదు. కనుక ఆన్‌లైన్‌లో ఫర్నిచర్ అమ్మేవారు మళ్లీ రావడం అన్న మాటను రెండుగా విడదీసి చూడాలి. చూసి వెళ్లినవారు కొనడానికి తిరిగి రావడం మొదటిది. ఇది రోజుల్లోనో వారాల్లోనో జరుగుతుంది. కొన్నవారు ఆ వస్తువు మరమ్మతు కోసమో, ఇంట్లోని మరో అవసరం కోసమో, తమ బంధువుల కోసమో తిరిగి రావడం రెండవది. దీనికి నెలలూ ఏళ్లూ పడుతుంది. ఈ రెండింటికీ ఒకే తగ్గింపు ధరను ఎరగా వేస్తే రెండూ జరగవు.

నెల్లూరు వేదాయపాళెంలో వడ్రంగి షెడ్డు పెట్టుకుని, వెబ్‌సైటు ద్వారా చుట్టుపక్కల రెండు జిల్లాలకు సామాను పంపుతూ నేను నేర్చుకున్నది ప్రధానంగా ఒక్కటే. సైటు చూసి వెళ్లే మనిషికి ఇంట్లో చేసుకోవలసిన ఒక చిన్న పనిని అప్పగించాలి, ఆ పని పూర్తయ్యాక దాని ఫలితం మన సైటులోనే అక్కరకు రావాలి. టేపు పట్టుకుని గది కొలిచిన మనిషి ఆ కొలత ఎక్కడ పనికి వస్తుందో అక్కడికే తిరిగి వస్తాడు. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క ఆలోచన నుంచి పుట్టినవే.

ముందుగా ముప్పై ఆర్డర్ల కథ తెలుసుకోండి

సైటులో ఏ మార్పు చేయడానికైనా ముందు, ఇటీవల సామాను కొన్న ముప్పై మందికి ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఆ వస్తువును మొదట ఎప్పుడు చూశారు? కొనేలోపల ఎవరెవరితో మాట్లాడారు? మళ్లీ సైటు తెరవడానికి కారణం ఏమిటి? జవాబులను ఒక నోటుపుస్తకంలో వారి మాటల్లోనే రాసుకోండి. గూగుల్ అనలిటిక్స్ వంటి సాధనాలు ఎంతమంది తిరిగి వచ్చారో చెబుతాయి కానీ ఎందుకు వచ్చారో చెప్పవు. పైగా అదే మనిషి పగలు ఆఫీసు కంప్యూటరులో చూసి, రాత్రి ఫోనులో చూస్తే ఇద్దరుగా లెక్కపడవచ్చు. ముప్పై ఫోన్లు చేయడానికి మూడు సాయంత్రాలు పడుతుంది. నా పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన జవాబు ధర గురించినది కాదు, గది కొలుచుకుని వద్దామని ఆగామన్నది. ఈ మాట మూడు నాలుగు పేజీల్లో వరుసగా కనబడిన తరువాతే, నేను తగ్గింపు బోర్డులు తీసేసి కొలతల మీద దృష్టి పెట్టాను.

కొలతల కాగితం ఇచ్చి ఇంటికి పంపండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో స్టోన్‌హౌస్‌పేటలోని ఒక పాత ఇంటికి ఆరడుగుల వెడల్పు మంచం పంపాను. ఇల్లు రెండో అంతస్తు. మెట్లు సన్నం, మధ్యలో బిగువైన మలుపు. తలవైపు పలక ఒకే ముక్కగా చేసినది కావడం వల్ల ఆ మలుపులో ఎటూ తిరగలేదు. మా పనివాళ్లు గంటన్నర తంటాలు పడి, చివరికి తాళ్లు కట్టి ముందువైపు వరండా మీదుగా పైకి లాగారు. పిట్టగోడకు ఒరుసుకుని పాలిష్ లేచిపోయింది. ఆ ఇంటి పెద్దాయన ఒక్క మాట అన్నారు, “మెట్లు ఎంత ఉన్నాయని నన్ను అడిగితే చెప్పేవాణ్ణి కదయ్యా.” ఆయన తప్పు ఏమీ లేదు; నా సైటులో మంచం పొడవూ వెడల్పూ రాశాను గానీ, ఆయన ఇంటి గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆ పలకను తెచ్చి మళ్లీ పాలిష్ చేసి ఇచ్చాను. తరువాతి వారంలోనే ప్రతి పేజీలోనూ కొలతల కాగితాన్ని చేర్చాను.

మీరు కూడా ప్రతి పెద్ద వస్తువు పేజీలో ధర కిందనే, ఇంట్లో కొలిచి రావలసినవి ఏమిటో స్పష్టంగా రాయండి. గది పొడవు వెడల్పులతో ఆపవద్దు. వాకిలి తలుపు రెక్క పూర్తిగా తెరిచినప్పుడు మిగిలే ఖాళీ ఎంత, మెట్ల వెడల్పు ఎంత, మలుపులో నిలబడి చూస్తే పైకప్పు ఎంత ఎత్తులో ఉంది, లిఫ్టు ఉంటే లోపలి లోతు ఎంత అన్నవి అడగండి. మంచం విషయంలో, తలవైపు గోడ మీద స్విచ్‌బోర్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో తప్పనిసరిగా కొలవమనండి. తలవైపు పలక స్విచ్‌లను కప్పేస్తే రాత్రి ఫ్యాను వేసుకోవడానికి మంచం జరపాల్సి వస్తుందన్న సంగతి సామాను దిగేదాకా ఎవరికీ తోచదు. బీరువా విషయంలో, గోడ అడుగున అంటించిన టైలు పట్టీ ఎంత మందం ఉందో అడగండి. ఆ పట్టీ అరంగుళం ముందుకు ఉంటే బీరువా వెనుక భాగం గోడకు ఆనదు. మన ఇళ్లలో బీరువాను నైరుతి మూలన, ఉత్తరానికి తెరుచుకునేలా పెట్టుకునేవారు ఎక్కువ కనుక, ఆ మూలలో కిటికీ రెక్క ఎంతవరకు తెరుచుకుంటుందో కూడా చూసుకోమనండి. పరుపు పాతదే వాడుకునేవారుంటే దాని పొడవును అంగుళాల్లో కొలవమనండి. 72, 75, 78 అంగుళాల పరుపులు మూడూ మన ఇళ్లలో ఉన్నాయి. 78 అంగుళాల మంచం మీద 72 అంగుళాల పరుపు వేస్తే కాళ్ల దగ్గర అరడుగు ఖాళీ మిగులుతుంది.

సోఫాకు ఇంకొక మంచి ఉపాయం ఉంది. సోఫా పొడవు, లోతు రాసి, ఆ కొలతతో హాల్లో నేల మీద ముగ్గుపిండితో గీత గీయమని చెప్పండి. ఒక పూట ఆ గీత చుట్టూ తిరిగి చూస్తే, వంటింట్లోకి వెళ్లే దారి సరిపోతుందో లేదో, పిల్లలు తిరగడానికి చోటు మిగులుతుందో లేదో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. ఫోను కెమెరాలో సోఫా బొమ్మను గదిలో నిలబెట్టి చూపే సదుపాయాలు వచ్చాయి, మంచివే. కానీ కాళ్లతో నడిచి చూసిన నమ్మకం బొమ్మ చూస్తే రాదు. కావలి నుంచి ఒకావిడ ఇలా ముగ్గు గీసి, దాని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, మూడు సీట్ల సోఫాకు బదులు రెండు సీట్లదీ ఒక పడక కుర్చీ తీసుకుంటానన్నారు. ఆమె మొదట చూసినదానికంటే ఆర్డరు విలువ తగ్గింది. అయినా మరుసటి సంవత్సరం వారి చెల్లెలి ఇంటికి కావలసిన సామానంతా మా దగ్గరే తీసుకున్నారు.

కొలిచిన అంకెలను రాసుకునే చోటు సైటులోనే ఉండాలి. నాలుగైదు గళ్లు ఉన్న చిన్న ఫారం చాలు. అంకెలు నింపాక, ఆ గదికి పట్టే మంచాలు మాత్రమే కనబడాలి. ఇక్కడ ఒక సాంకేతిక విషయం గుర్తుంచుకోండి. ఐఫోనులోని సఫారీ బ్రౌజరు, వాడినవారు ఏడు రోజులపాటు ఆ సైటును ముట్టుకోకపోతే, బ్రౌజరులో మన సైటు దాచిన ఇటువంటి వివరాలను తుడిచేస్తుంది. ఫర్నిచర్ విషయంలో నిర్ణయం ఏడు రోజుల్లో తేలదు. కనుక ‘నా కొలతలు నా వాట్సాప్‌కు పంపు’ అనే బటన్ ఒకటి పెట్టి, ఆ లింకు తెరిస్తే అవే అంకెలు తిరిగి కనిపించేలా చేయించండి. లాగిన్ అడగవద్దు, ఓటీపీ అడగవద్దు. ఇంకా ఏమీ కొననివారిని పాస్‌వర్డు పెట్టుకోమంటే వారు అక్కడే ఆగిపోతారు.

చూసినది చూసినచోటే దొరకాలి

ఇంట్లో చర్చ జరిగేది లింకుల మీద. అమ్మాయి అమెరికా నుంచి లింకు పంపుతుంది, నాన్నగారు నెల్లూరులో తెరుస్తారు. ఆ లింకు వాట్సాప్‌లో పడగానే వస్తువు ఫొటో, పేరు, కొలత కనబడాలి. ఏ ఫొటో, ఏ వాక్యం చూపాలో ప్రతి పేజీకి విడిగా రాసి ఉంచితే అది సాధ్యమవుతుంది. సైటు తయారుచేసినవారిని అడిగితే ఇది ఒక రోజు పని. నాన్నగారు తెరిచేది పాత ఫోనులో కావచ్చు, ఉదయగిరి వైపో కనిగిరి వైపో సిగ్నల్ బలహీనంగా ఉన్న ఊళ్లో కావచ్చు. అందుకే ఫొటోలను వెబ్‌పీ రూపంలో చిన్నవి చేసి పెట్టండి. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలని గూగుల్ చెప్పే కొలమానాన్ని మీ ఆఫీసు వైఫైలో కాకుండా, పొలం గట్టు మీద నిలబడి మొబైల్ డేటాతో పరీక్షించుకోండి.

అమ్ముడైపోయిన వస్తువు పేజీని ఎప్పుడూ తీసేయవద్దు. మన రంగంలో చాలామంది చేసే పొరపాటు ఇదే. ఒక నమూనా అయిపోగానే పేజీని తొలగిస్తారు. రెండు వారాలుగా ఆ లింకును కుటుంబ గ్రూపులో దాచుకుని, చివరికి అందరూ ఒప్పుకున్న రోజున తెరిచినవారికి ‘పేజీ లేదు’ అని కనబడుతుంది. దానికి బదులు పేజీని అలాగే ఉంచి, ఈ నమూనా ప్రస్తుతం లేదనీ, మళ్లీ చేయించాలంటే ఎన్ని రోజులు పడుతుందనీ, ఇదే కొలతలో ఉన్నవి ఇవి అనీ రాయండి. పేరు మార్చక తప్పకపోతే, పాత చిరునామా నుంచి కొత్త చిరునామాకు శాశ్వతంగా దారి మళ్లించే 301 ఏర్పాటు చేయించండి. ధర మారితే ఎప్పటి నుంచి మారిందో తేదీ వేయండి. నిన్న ఒక ధర, ఈరోజు ఒక ధర చూసిన మనిషికి అనుమానం వస్తుంది. తేదీ కనబడితే కారణం అర్థమవుతుంది.

రెండోసారి వచ్చినవారికి మొదటిసారి చూడనిది కనబడాలి. అందుకే ఫొటోలను ఒకేసారి అందమైన కోణాల్లో తీసి వదిలేయకండి. రెండోసారి వచ్చేవారు అనుమానంతో వస్తారు. మంచం కింద పలకలు వేశారా ప్లైవుడ్ వేశారా, సొరుగు వెనుక భాగం ఎలా ఉంది, పాలిష్ లేని చోట చెక్క రంగు ఏమిటి, చేవ (మాను మధ్యలోని గట్టి చెక్క) ఎంత, తెల్లచెక్క (అంచులోని మెత్తని చెక్క) ఎంత అని వెతుకుతారు. ఆ ఫొటోలు తీసి పేజీ దిగువన పెట్టండి. ప్లైవుడ్ వాడితే అది మామూలు రకమో, నీటికి తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ రకమో ఉన్నది ఉన్నట్టు రాయండి.

కబురు పంపేముందు అనుమతి, పంపేటప్పుడు పంచాంగం

చూసి వెళ్లినవారికి గుర్తుచేయడం తప్పు కాదు, కానీ అడగకుండా చేయకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్పష్టంగా ఉండాలి, ఇచ్చినంత సులభంగా దాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం కొనుగోలు విషయంలో కూడా ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులను సమ్మతిగా లెక్కించరాదు. ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల మేరకు, వ్యాపార సందేశాలను నమోదు చేసే డీఎల్‌టీ వేదికలో పేరు, సందేశపు నమూనా నమోదు చేసుకోవాలి. మన స్థాయి వ్యాపారాలకు వాట్సాప్ బిజినెస్ సరిపోతుంది. అయితే అందులో ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, పైగా మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికి మాత్రమే ఆ సందేశం చేరుతుంది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియక, సందేశాలు పంపాం కానీ ఎవరూ స్పందించలేదని బాధపడతారు. సామాను దించే రోజున మన కుర్రాళ్లే, వారంటీ పనులకు ఈ నంబరు ఉంచుకోండని చెప్పి సేవ్ చేయించాలి.

ఎప్పుడు పంపాలన్నది పంచాంగమూ పంటా కలిసి చెబుతాయి. ఆషాఢంలోనూ మూఢంలోనూ మన ఇళ్లలో మంచం, బీరువా వంటివి ఇంట్లోకి తెచ్చుకోరు. కానీ తీరికగా చూసేది అప్పుడే. ఆ రోజుల్లో ‘ఈరోజే కొనండి’ అన్న సందేశం వ్యర్థం. ‘ఇప్పుడు కొలతలు తీసుకుని నమూనా ఖాయం చేసుకోండి, శ్రావణ మాసంలో మీరు చెప్పిన మంచి రోజున దించుతాం’ అన్న సందేశం పని చేస్తుంది. పెళ్లి సారెకు మంచం, పరుపు, బీరువా ఇచ్చే తల్లిదండ్రులకు ముహూర్తం తేదీ అడిగి, దానికి నలభై రోజుల ముందు ఒకసారి, పదిహేను రోజుల ముందు ఒకసారి గుర్తుచేస్తే వారు అది సాయంగా భావిస్తారు. నెల్లూరు వైపు రబీ వరి కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో సాగుతాయి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వైపు వేసవిలో పొగాకు వేలం నడుస్తుంది. చేతికి డబ్బు రాని నెలలో రైతు ఇంటికి కబురు పంపి ప్రయోజనం లేదు. ఊరిని బట్టి జాబితాలను విడిగా పెట్టుకుంటే ఎవరికి ఎప్పుడు పంపాలో తేలికగా తెలుస్తుంది.

చూసి వెళ్లినవారికి రెండు సందేశాలకు మించి పంపవద్దు. మూడోది పంపేసరికి వారు నంబరును బ్లాక్ చేస్తారు.

సామాను దించిన తరువాత

కొన్నవారు మళ్లీ రావడానికి కారణం ఆ చెక్కలోనే ఉంది. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, మే చివర నుంచి రోహిణి కార్తె ఎండలు. చెక్క వానల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. ఎంత బాగా ఎండబెట్టిన టేకుకైనా ఇది తప్పదు. ఇంట్లో జరిగే ఈ చిన్న చిన్న మార్పులకు సమాధానం మీ సైటులో దొరికితే, ఏటా రెండుసార్లు వారు తప్పక వస్తారు.

దీనికి ఒక వరుస పెట్టుకోండి. సామాను దించిన పదిహేనో రోజున మొదటి సందేశం వెళ్లాలి: కొత్త మంచం బోల్టులు ఒకసారి బిగించుకోవాలి, ఎలా బిగించాలో ఈ పేజీలో చూడండి. ఆ పేజీలో మన వడ్రంగి చేతులు, ఎల్ ఆకారంలో ఉండే అలెన్ కీ, ఏ బోల్టు ముందు, ఏది వెనుక అన్నది నాలుగు ఫొటోల్లో కనబడాలి. రెండవ సందేశం దసరా వెళ్లిన వారంలో: బీరువాకూ గోడకూ మధ్య మూడు వేళ్ల సందు ఉంచండి, తడి గోడకు ఆనించవద్దు, గోడ మూలల్లో మట్టి గీతలు కనబడితే అవి చెదలు, ఆలస్యం చేయకండి. మూడవది వేసవి మొదట్లో: కిటికీ ఎండ నేరుగా పాలిష్ మీద పడనివ్వకండి, ఏసీ గాలి నేరుగా టేబుల్ పలకకు తగిలితే అతుకుల దగ్గర సన్నని బీటలు వస్తాయి.

వానల్లో సొరుగు బిగుసుకుపోయే సమస్య గురించి ప్రత్యేకంగా ఒక పేజీ రాయండి. ఛానెల్ (సొరుగు జారే ఇనుప పట్టీ) లేని చెక్క సొరుగు రాకపోతే చాలామంది వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తారు. తొందరపడకూడదు. వానల్లో చిత్రిక పట్టిన సొరుగు ఎండాకాలంలో చెక్క ముడుచుకోగానే వదులై గడగడలాడుతుంది. సొరుగును బయటకు తీసి, రెండు పక్కల అంచులనూ పొడి గుడ్డతో తుడిచి, మామూలు కొవ్వొత్తిని ఆ అంచుల మీద నాలుగైదుసార్లు గట్టిగా రుద్దితే చాలావరకు జారుతుంది. అప్పటికీ రాకపోతే సంక్రాంతి దాకా ఆగి, పొడి రోజుల్లో చూపించుకోమని చెప్పండి. ఇటువంటి సలహాతో మీకు వెంటనే రూపాయి రాదు. కానీ కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి కీలు తుప్పు పట్టినప్పుడు, కొవ్వొత్తి సంగతి చెప్పిన సైటే ముందుగా గుర్తుకు వస్తుంది. వారికి స్టెయిన్‌లెస్ స్టీలు కీళ్లు, స్క్రూలు అమ్మండి.

ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య వేసి, క్యూఆర్ స్టిక్కరు అంటించండి. మంచానికి తలవైపు పలక వెనుక, బీరువాకు తలుపు లోపల, డైనింగ్ టేబుల్‌కు పలక అడుగున. దాన్ని స్కాన్ చేస్తే ఆ ఒక్క వస్తువు వివరాలు రావాలి: ఏ చెక్క, ఏ పాలిష్, ఏ రంగు, ఏ సైజు కీలు, సొరుగు ఛానెల్ 16 అంగుళాలదా 18 అంగుళాలదా, ఎప్పుడు దించారు. నాలుగేళ్ల తరువాత హ్యాండిల్ ఊడిపోయినప్పుడు, ఏది సరిపోతుందో వెతుక్కునే శ్రమ ఇంటివారికి ఉండదు. స్కాన్ చేసి, అదే హ్యాండిల్‌ను ఆర్డరు పెడతారు. స్టిక్కరు పదేళ్లు ఉంటుంది కనుక ఆ లింకు మీ సొంత డొమైన్ (సైటు చిరునామా) మీదనే ఉండాలి, ఆ డొమైన్‌ను ఏటా మరచిపోకుండా పునరుద్ధరించాలి. ఉచితంగా క్యూఆర్ చేసిపెట్టే సైట్లలో కొన్ని, గడువు తీరాక లింకును ఆపేస్తాయి. విడిభాగాల పేజీలో లాభం తక్కువే అయినా, నా దృష్టిలో సైటుకు గుండెకాయ అదే.

ఫిర్యాదుతో వచ్చేవారు కూడా తిరిగి వచ్చినవారే, వారిని తప్పించుకోవద్దు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోపు తెలియజేయాలనీ, నెల రోజుల్లోపు పరిష్కరించాలనీ ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, నంబరు సైటులో ఉండాలి. పాలిష్ గీతకు మనిషిని ఫలానా రోజున పంపుతామని రాసి, ఆ రోజున పంపితే చాలు. దూరపు ఊళ్లకు వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి: దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఒక రోజు, ఆత్మకూరు, వింజమూరు, ఉదయగిరి వైపు ఒక రోజు. బండి ఎలాగూ సామానుతో వెళుతుంది కనుక మరమ్మతు పనివాడికి వేరే ఖర్చు ఉండదు. ఏ రోజు ఏ దారిలో బండి వెళుతుందో సైటులో పెడితే, దాన్ని చూడటానికే కొందరు వస్తారు.

చిన్న సరుకులు

మంచానికీ మంచానికీ మధ్య పదేళ్లలో ఇంటికి అవసరమయ్యే చిన్న వస్తువులు ఎన్నో ఉంటాయి. పీటలు, పూజగది అరలు, చెప్పుల స్టాండు, పిల్లల చదువు బల్ల, టీపాయ్. వీటిని మన ప్రాంతపు పనితనంతో కలిపితే పెద్ద సైట్లలో దొరకనివి మీ దగ్గర ఉంటాయి. ఉదయగిరి కొయ్య గరిటెలకు, స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ కళాకారుల దగ్గర సరైన ధరకు కొని, ఎవరు చేశారో వారి అనుమతితో రాసి అమ్మండి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ముక్కలతో టీపాయ్ పలకలు చేయించవచ్చు. అయితే రాయి బరువుకు తగినట్టు కాళ్లు లావుగా ఉండాలి. చిన్న వస్తువును పెద్ద సామానుతోపాటు అదే బండిలో పంపితే రవాణా ఖర్చు పడదని రాయండి.

అబద్ధపు తొందర పెట్టవద్దు

ఇంకా రెండే మిగిలాయి, పది నిమిషాల్లో ధర పెరుగుతుంది వంటి బూటకపు హెచ్చరికలను 2023 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. చట్టం సంగతి అటుంచినా, మళ్లీ మళ్లీ వచ్చే మనిషికి ఈ అబద్ధం రెండోసారికే దొరికిపోతుంది. గడియారం నిన్నా పది నిమిషాలే చూపింది, ఈరోజూ పది నిమిషాలే చూపుతోంది. అప్పటి నుంచి మీరు రాసిన చెక్క పేరును కూడా వారు నమ్మరు.

మూడు నెలలకొకసారి లెక్క

అనలిటిక్స్‌లో రెండు సంగతులను మాత్రం చూడండి. కొలతల ఫారం నింపినవారిలో ఎంతమంది ముప్పై రోజుల్లోపు మళ్లీ తెరిచారు? స్టిక్కరు స్కాన్ చేసినవారు ఏ పేజీకి వెళ్లారు? స్టిక్కరు లింకుకూ వాట్సాప్ లింకుకూ వేరువేరు గుర్తులు పెట్టించుకుంటే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. వీటిని మొదట చెప్పిన నోటుపుస్తకంలోనే రాసుకుని, పక్కన మళ్లీ పదిమందికి ఫోను చేసి వారి మాటలు రాయండి.

అంకెలూ మాటలూ పొంతన కుదరకపోతే మాటలనే ముందు నమ్మండి. ఒకసారి మా వానాకాలపు పేజీని చాలామంది తెరిచి, వెంటనే మూసేస్తున్నట్టు కనబడింది. ఫోను చేసి అడిగితే, సలహా బాగుంది కానీ అక్షరాలు చిన్నవి, అమ్మకు కనబడటం లేదు అన్నారు. అక్షరాల సైజు పెంచి, అదే సంగతిని మా వడ్రంగి గొంతుతో ఒక నిమిషం ఆడియోగా కూడా పెట్టాను. ఆ ఏడాది కార్తీక మాసంలో వచ్చిన ఫోన్లలో సొరుగు ఎందుకు రావడం లేదని అడిగినవారు తగ్గారు, కొవ్వొత్తి రుద్దాం, వచ్చింది, ఇప్పుడు పక్క గదికి ఒక బల్ల కావాలి అన్నవారు కనిపించారు.